దొర మంచివాడే: మన ఊరి చరిత్రల్లో గవర్నర్లు

మా మామిడికుదురు ప్రాంతంలో దొర అన్న మాటకు కథలున్నాయి గాని, గవర్నరు అన్న మాటకు లేవు. 1766లో నైజాముతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటినుంచి 1947 దాకా, నూట ఎనభై యేళ్ళపాటు, చెన్నపట్నం సెంట్ జార్జి కోటలో కూర్చున్న గవర్నరు ప్రభుత్వం పేరు మీదనే ఈ లంకల మీద శిస్తు పడింది, ఉప్పు మీద గుత్తాధిపత్యం వచ్చింది, పుస్తకాల మీద నిషేధం పడింది. ఆ గవర్నర్లలో ఒక్కరి పేరైనా మా వైపు రైతుకు గాని, కూలికి గాని, బడిపంతులుకు గాని నోటికి రాదు. ఆర్థర్ కాటన్ పేరు మాత్రం పలక పట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. కాటన్ గవర్నరు కాడు. గవర్నర్లకు నివేదికలు రాసి, వాళ్ళతో వాదించి, విసిగిపోయిన ఇంజనీరు.

ఈ తేడా దానంతట అది వచ్చింది కాదని నా అభిప్రాయం. దీన్ని తయారుచేసిన సాహిత్యం ఒకటుంది. కోనసీమ గ్రామాల మీద చిన్న చిన్న చరిత్ర పుస్తకాలు చాలా వచ్చాయి. గుడి కుంభాభిషేకానికీ, బడి వార్షికోత్సవానికీ, కాటన్ జయంతికీ వేసిన ప్రత్యేక సంచికలున్నాయి. మన విమర్శకులు వీటివైపు చూడరు. నవల గుమ్మం తొక్కని ఇంట్లో కూడా గోడ గూట్లో ఇలాంటి పుస్తకం ఒకటుంటుంది. గత చరిత్రను గురించి జనం ఏమనుకుంటున్నారో నిర్ణయించేది విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కావు, ఇవి. చేతికి దొరికినన్ని చదివాను. పేర్లు పెట్టి ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదు. ఆ అవసరమూ లేదు, ఎందుకంటే అన్నీ ఒకే కథ చెబుతాయి.

కథ ఇలా నడుస్తుంది. ఒకప్పుడు గోదావరి వృథాగా సముద్రం పాలయ్యేది. ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. జనం అల్లాడిపోయారు. అప్పుడు దేవుడు పంపినట్టు కాటన్ దొర వచ్చాడు, ఆనకట్ట కట్టాడు, నేల బంగారమైంది. ఈ మూడు ఘట్టాల మధ్య ప్రభుత్వం అన్నది ఎక్కడా కనిపించదు. కరువు ప్రకృతి చేసింది, సుభిక్షం దొర చేశాడు. మరి ఆ కరువునాటికి ఈ దేశాన్ని ఏలుతున్నదెవరు? కాటన్‌ను పంపిన కంపెనీయే, అంతకు ముందు అరవై డెబ్భై యేళ్ళుగా ఇక్కడ పన్నులు వసూలు చేస్తున్నది. పుస్తకం చదివినవాడికి మాత్రం ఇంగ్లీషువాళ్ళు 1847లోనే మొదటిసారి పడవ దిగారన్నట్టుంటుంది.

దిగక ముందు సంగతి కొంచెం చూద్దాం. 1778లో గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డు, సర్కారు జిల్లాల్లో తిరిగి విచారణ చేయవలసిన సర్క్యూట్ కమిటీని పక్కనపెట్టి, జమీందార్లనందరినీ మద్రాసుకే రమ్మన్నాడు. వందల మైళ్ళు పరివారంతో పోవడానికీ, అక్కడ నెలల తరబడి మకాం పెట్టడానికీ, కోటలో వాళ్ళ చేతులు తడపడానికీ అయిన ఖర్చు ఎవరి గాదెలోంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. లంచాల ఆరోపణల మీద కంపెనీ డైరెక్టర్లు 1781లో అతన్ని తొలగించారు. పార్లమెంటులో పెట్టిన శిక్ష బిల్లు చివరకు చల్లారిపోయింది. తర్వాత రాబర్టు క్లైవు కొడుకు ఎడ్వర్డు క్లైవు గవర్నరుగా ఉండగా, 1802 నుంచి శాశ్వత పైసలా వచ్చింది. కట్టలేనంత పేష్కషు నిర్ణయించారు. బకాయిలకు జమీందారీలు వేలానికి వచ్చాయి. చివరికి కొనేవాడు లేక కంపెనీయే చాలావాటిని కొనుక్కుంది. ఈ గొలుసులో పై కొక్కెం గవర్నరు, కింది కొక్కెం పాలికాపు. పైవాడు లాగిన ప్రతిసారీ నలిగింది కిందివాడే.

1832-33లో నందన కరువు వచ్చింది. మన పెద్దలు దానికి డొక్కల కరువని పేరు పెట్టారు. గుంటూరు జిల్లాలో లక్షకు పైగా చచ్చిపోయారు, గోదావరి జిల్లాను కూడా అది వదల్లేదు. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలు దాటి ఉంటే, 1841 నాటికి ఆరు లక్షల లోపుకు పడిపోయింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ ఈ జిల్లా దుస్థితి మీద ఇచ్చిన నివేదిక ఒక్క వానల్నే తప్పుపట్టి ఊరుకోలేదు. పాలన లోపాలనూ లెక్కలోకి తీసుకుంది. అంటే ప్రభుత్వోద్యోగి రాసుకున్న నివేదికకున్నపాటి నిజాయితీ మన ఊరి చరిత్రలకు లేకపోయింది.

ఆ నందన కరువునాటి గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్. అతని గురించి మనకు తెలియదు గాని, గ్రీసు దేశంలో కోర్ఫూ అనే ద్వీపం వాళ్ళకు తెలుసు. మద్రాసుకు రాకముందు అతను ఆ ద్వీపాల మీద ఇంగ్లీషు పాలకుడు. కోర్ఫూ పట్టణానికి దూరం నుంచి మంచినీళ్ళు తెప్పించాడు. అక్కడి భవనం ముందు అతని విగ్రహం, దాని పాదాల దగ్గర నీటి కొలను ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరికి అతను నీళ్ళ దొర, మన కాటన్ లాంటివాడు. గుంటూరు దారుల్లో ఎముకల గుట్టలు పడుతున్న రోజుల్లో మద్రాసు కోటలో ఉన్నదీ ఆ మనిషే. మంచివాడా, చెడ్డవాడా అని అడిగితే కోర్ఫూవాళ్ళు ఒకటి చెబుతారు, గుంటూరువాళ్ళు మరొకటి చెప్పాలి. ఇద్దరి సాక్ష్యమూ నిజమే. ఆ ప్రశ్నే పనికిరానిదని నేనంటాను. చార్లెస్ ట్రెవెల్యన్‌ది ఇంకా విచిత్రం. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కలకత్తావాళ్ళు వేయబోయిన ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించినందుకు మరుసటి ఏడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఒక్క పనితో చెన్నపట్నం పెద్దమనుషులకు ఆప్తుడయ్యాడు. 1840లలో ఐర్లండు కరువులో లండను ఖజానానుంచి సహాయాన్ని పిసినారి చేత్తో కొలిచినవాడిగా ఐరిష్ జనం ఇప్పటికీ తిట్టుకునేది ఇతన్నే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. మొదలైనప్పుడు గవర్నరు ట్వీడేల్, పూర్తయినప్పుడు పాటింజర్. అనుమతి ఇచ్చింది లండనులోని కంపెనీ డైరెక్టర్లు. వాళ్ళ మనసు కరిగించడానికి కాటన్ ఏ భాషలో రాశాడో చూడాలి. పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయలు తిరిగి వస్తాయన్న లెక్కల భాష అది. కాటన్‌కు రైతు మీద దయ లేదని నేననడం లేదు. ఉంది, నీళ్ళకు డబ్బివ్వకుండా రైళ్ళమీద పోస్తున్నారని జీవితాంతం పోరాడాడు. అయితే దయ అన్న మాట డైరెక్టర్ల బల్లమీద చెల్లదని అతనికి బాగా తెలుసు. మన పుస్తకాలు ఆ లెక్కల కాగితాన్ని చించేసి, దయను మాత్రం ఉంచుకున్నాయి. పెట్టుబడి కాస్తా దానమైపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో కాగితం తయారైంది. ఆనకట్ట పూర్తయిన రెండేళ్ళకు, 1854లో, మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకు జనాన్ని చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణల మీద ఒక విచారణ సంఘం వేశారు. గవర్నరు లార్డ్ హారిస్. సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. హింసలు నిజమేనని ఒప్పుకుంది. మనిషిని వంగదీసి మెడనూ కాలి బొటనవేళ్ళనూ తాడుతో కలిపి కట్టి ఎండలో వదిలేయడం, వీపు మీద రాయి ఎత్తడం, కిట్టి అనే కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కడం, తిండీ నీళ్ళూ లేకుండా కూర్చోబెట్టడం. ఇవన్నీ దొంగలకు కాదు, బకాయి పడ్డ రైతుకు. 1857లో ఈ నివేదిక మీద న్యూయార్కు పత్రికలో కారల్ మార్క్స్ ఒక వ్యాసమే రాశాడు. అమెరికాలో పాఠకుడు చదివిన ఆ సంగతి, కోనసీమ చరిత్ర రాసిన ఒక్క పుస్తకంలో కూడా నాకు కనిపించలేదు.

1852, 1855. మధ్య మూడేళ్ళు. ఒకటి మనకు పండుగ, రెండోది మనకు లేదు.

ఆ నివేదిక చెప్పిన తీర్పు మరీ ముఖ్యం. హింసలు జరిగాయి, చేసింది నేటివు ఉద్యోగులు, తాసిల్దార్లూ బంట్రోతులూ. యూరోపియన్ అధికారులకు తెలియదు, తెలిస్తే సహించరు. జనం మొరపెట్టుకుంటున్నది తమ తోటి నేటివుల క్రూరత్వం నుంచి కాపాడమనే గాని, దొరల నిర్దయ నుంచి కాదు. ఇదీ సారాంశం. వసూలు చేయవలసిన మొత్తాన్ని పైనుంచి నిర్ణయించి, తగ్గితే తాసిల్దారు ఉద్యోగం ఊడుతుందని బెదిరించింది ఎవరన్న ప్రశ్నను సంఘం నేర్పుగా దాటిపోయింది. మార్క్స్ పట్టుకున్నది ఈ దాటవేతనే.

ఇప్పుడు మన ఊరి చరిత్రలు మళ్ళీ చదవండి. దొర మంచివాడే, కింద ఉన్న మనవాళ్ళే చెడ్డవాళ్ళు. కరణం తిన్నాడు, మునసబు తిన్నాడు, జమీందారు పీడించాడు, దొర గుర్రమెక్కి వచ్చి న్యాయం చేశాడు. జానపదుల నోట పుట్టిన అమాయకపు కథ అని మనం మురిసిపోయే ఈ ఇతివృత్తం, 1855లో సర్కారు అచ్చువేసిన ఇతివృత్తం ఒక్కటే. ప్రజల జ్ఞాపకం అనుకున్నదాంట్లో ఎంత భాగం పాలకుల జ్ఞాపకమో తేల్చడం విమర్శకుడి పని కాదా? జానపదం కాబట్టి ప్రజాపక్షం అని కళ్ళు మూసుకుని ముద్రవేసే అలవాటు మనలోనూ ఉంది. అది మార్చుకోవాలి.

మన్రో కథలోనూ ఇదే పోకడ ఉంది. అతను నిజంగానే గవర్నరు. 1820 నుంచి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయేదాకా. గవర్నర్లలో తెలుగు జనం పేరు పెట్టి తలుచుకున్నది బహుశా ఇతన్నొక్కణ్ణే. రాయలసీమలో పిల్లలకు మండ్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. దత్తమండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనికి దర్శనమిచ్చి మాట్లాడాడని కథ. కథ జరిగిందా లేదా అన్నది నా చర్చ కాదు. అది ఎక్కడ తేలుతుందో చూడండి. మఠం మాన్యం మఠానికే నిలిచింది. స్వామి మహిమకు సాక్షి ఎవరు? భక్తుడు చాలడు, దొర కావాలి. దొర సాక్ష్యమిస్తే దేవుడికి కూడా పట్టా గట్టిపడుతుంది. ఇదే మన్రో 1822లో పత్రికా స్వాతంత్ర్యం మీద ఒక మినిట్ రాశాడు. పరాయివాళ్ళ ఏలుబడీ స్వేచ్ఛగల పత్రికా ఒకే చోట ఇమడవని అందులో నిర్మొహమాటంగా తేల్చాడు. పొగడ్త కాదు గాని, మన్రోకు తన ఉద్యోగం ఏమిటో తెలుసు. అతన్ని తండ్రిగా కొలిచినవాళ్ళకే తెలియలేదు.

మా ఇంటిపక్క ఉదాహరణ చెబుతాను. వైనతేయ పాయకు అవతల లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాడి కులం అడక్కుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారు. 1909లో పోయారు. ఆమె గురించి చెప్పేవాళ్ళెవరూ ఒక ఘట్టం మరచిపోరు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమెను పిలిచాడనీ, ఆమె రానంటే కలెక్టరు ద్వారా ఫొటో తెప్పించుకుని, దాన్ని కుర్చీలో పెట్టించి గౌరవించాడనీ, మద్రాసు ప్రభుత్వం ద్వారా ప్రశంసాపత్రం వచ్చిందనీ. ఎన్ని పుస్తకాల్లో చూసినా ఆమె వండిన అన్నానికి అరపేజీ, ఆ పత్రానికి రెండు పేజీలు. ఆ బియ్యం ఎక్కడనుంచి వచ్చాయి? ఆ లంక పొలంలో ఎవరు దున్నారు? ఆకలితో పడవ దిగినవాళ్ళు ఎవరు, ఏ ఊళ్ళనుంచి, ఎందుకంత ఆకలితో వచ్చారు? ఆనకట్ట కట్టి యాభై యేళ్ళు కావస్తున్న డెల్టాలో అన్నంకోసం దారి పట్టిన వాళ్ళు అంతమంది ఎందుకున్నారు? సీతమ్మగారి జీవితం అడిగే ప్రశ్నలు ఇవి. చక్రవర్తి పత్రం వచ్చి వాటి నోరు నొక్కేసింది. అన్నం పెట్టింది మన ఊరి ఆవిడ, ఆమె గొప్పదని ధ్రువీకరించవలసింది మాత్రం లండను రాజు!

నీళ్ళు అబద్ధమా అని మిత్రులు నన్ను నిలదీస్తారని తెలుసు. అబద్ధం కాదు. గన్నవరం దగ్గర వైనతేయ మీద లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో నలభై తొమ్మిది కమానుల అక్విడెక్టు కట్టకపోతే, అప్పట్లో నగరం తాలూకా అన్న మా రాజోలు లంకకు కాలువ నీరే లేదు. మా మామిడికుదురు చేల వరి ఆ నీటిదే. దాన్ని కాదనేవాడు చరిత్ర రాయనక్కర్లేదు. నేనడిగేది వేరు. ఆ కమానులకు రాయి మోసినవాళ్ళెవరు? ధవళేశ్వరం కొండ బద్దలు కొట్టినవాళ్ళు, మోకాటి లోతు బురదలో తట్టలెత్తిన ఆడవాళ్ళు, జ్వరాలతో రాలిపోయినవాళ్ళు. కాటన్‌కు కుడిభుజంగా పని నడిపించిన వీణం వీరన్న పేరైనా ఎన్ని పుస్తకాల్లో ఉంది? ఇంజనీరుకు సాయపడ్డ మనవాడికే చోటు చాలనప్పుడు కూలివాళ్ళకు ఎక్కడుంటుంది.

నీరు ఎవరి చేలోకి పోయిందన్నది ఇంకో ప్రశ్న. భూమి ఉన్నవాడి చేలోకి. కృతజ్ఞత కూడా అక్కడే మొలిచింది. గోదావరి స్నానం చేసి సంకల్పంలో కాటన్‌ను భగీరథుడితో కలిపి సంస్కృతంలో తలచుకున్నవాళ్ళు పాలికాపులు కారు. పాలికాపు ఏంచేశాడో చూడాలంటే కాకినాడ రేవుకు పోవాలి. డెల్టా బంగారం పండుతున్న కాలంలోనే గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు వేలకు వేలు స్టీమరెక్కి రంగం వెళ్ళారు. బర్మావాళ్ళు వాళ్ళకు కోరంగీలని పేరు పెట్టారు, మన కోరంగి రేవు పేరే. 1930 మేలో రంగూను రేవులో పని దగ్గర వచ్చిన తగాదాలో ఈ తెలుగు కూలీలను వీధుల్లో నరికారు. ఒక్క ఊరి చరిత్రలో ఒక్క రంగం పడవ లేదు. భూమిగల రైతుకు కూడా దొర కరుణ శాశ్వతంగా నిలవలేదు. 1920ల చివర కృష్ణా గోదావరి డెల్టాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో రూపాయికి మూడణాలు శిస్తు పెంచారు. రైతులు సభలు పెట్టి ఎదిరించారు. అప్పుడు మాత్రం దొర పేరు ఎవరూ తలచలేదు, సర్కారు అన్నారు. శిస్తు పెంచితే సర్కారు, నీళ్ళిస్తే దొర!

బకింగ్‌హాం ప్రభువు సంగతి రెండు మాటల్లో చెప్పి పోతాను. 1875 నుంచి 1880 దాకా గవర్నరు. 1876-78 మహా కరువు అతని కాలంలోనిదే. రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరుపుకుంటూ, ఖర్చు తగ్గించమని రిచర్డు టెంపులును పంపాడు. కరువు పనివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని టెంపులు లెక్కకట్టాడు. గవర్నరు కొంత గింజుకున్నాడు, అది అతని ఖాతాలో వేద్దాం. ఆ ఆకలిమనుషులు తవ్విన కాలువకు పేరు మాత్రం గవర్నరుది పడింది. ఆ నీళ్ళు ఆరకముందే, 1879లో, ఇదే గోదావరి జిల్లా మన్యంలో చిగురు పన్ను మీద రంప తిరగబడింది. ఇతని ప్రభుత్వమే సైన్యాన్ని పంపింది. కాలువ పేరు చెప్పిన పాఠ్యపుస్తకం రంప దగ్గరకొచ్చేసరికి గవర్నరు పేరు మరచిపోతుంది. రాజమండ్రిలో 1900లో తెరిచిన రైలు వంతెన హేవలాక్ పేరు కూడా అంతే. అప్పటి గవర్నరు ఆర్థర్ హేవలాక్ అతను. 1997లో రైళ్ళు ఆగేదాకా దానిమీద ప్రయాణం చేసిన లక్షలాది జనంలో ఆ పేరుగలవాడు ఏంచేశాడో ఎవరికీ పట్టలేదు. పట్టకపోవడమే మంచిది కూడా. పేరు వట్టి ఇనుముగా మారిపోయింది.

మన రచయితలందరూ దొర కథకే దాసోహమనలేదు. గురజాడ కన్యాశుల్కంలో గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెసు మీద రెండు గంటలు ఉపన్యాసం చెబితే, వాడు అడిగింది తమ ఊరి హెడ్ కానిస్టేబులును కాంగ్రెసు ఎప్పుడు బదిలీ చేస్తుందని. దీన్ని పల్లెటూరి అజ్ఞానం మీద హాస్యమని చెప్పే పండితులున్నారు. నాకు బండివాడే రాజకీయం తెలిసినవాడు. ప్రభుత్వమంటే తన గుమ్మం దాకా వచ్చే లాఠీ అని వాడికి తెలుసు. గవర్నరు మంచివాడా అని వాడు అడగలేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి చెప్పిన పద్యం ఇంకో అడుగు వేసింది. దేశం ఆవు, జనం దూడలు, మూతికి బుట్ట కట్టి పాలు పిండుకునేవాళ్ళు తెల్లవాళ్ళు అన్న ఆ పోలికలో దయగల దొరకు, దయలేని దొరకు తేడా లేదు. పిండడం ఒక్కటే. ఆనకట్ట కట్టి అర్ధశతాబ్దం దాటాక, ఆ గోదావరి ఒడ్డునే, ఆ నీటి అన్నం తిన్న కవే ఈ మాట అన్నాడు. అంతకు ముందు తరం వీరేశలింగంగారు ఇంగ్లీషు ఏలుబడిని సంస్కరణకు అండగా చూశారు, 1893లో రావుబహదూరు బిరుదు తీసుకున్నారు. సనాతనుల దాడి మధ్య వితంతు వివాహాలు చేసిన మనిషికి కలెక్టరు అండ ఎందుకు కావలసివచ్చిందో అర్థం చేసుకోవచ్చు. ఆ అండ మన సాహిత్యానికి నేర్పిన వినయాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంత చేసి, గవర్నర్లు మన సాహిత్యాన్ని మనకన్నా శ్రద్ధగా చదివారు. 1908లో స్వరాజ్య పత్రికలో రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపారు, లాలీ గవర్నరు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన మాలపల్లిని 1923లో నిషేధించారు, విల్లింగ్డన్ గవర్నరు. గరిమెళ్ళ పాట పాడినందుకు జైలు. ఏ రచన ఎవరి పక్షాన ఉందో ఈ విమర్శకులు ఎన్నడూ పొరపడలేదు. మాలపల్లిలో ఉన్నది ఆదర్శవాదమా, వాస్తవికవాదమా అని మన సభల్లో వాదించుకుంటున్నాం. మద్రాసు సెక్రటేరియట్ గుమాస్తా ఒక్క చదువులో తేల్చేశాడు.

గవర్నరు పోయాడు గాని కుర్చీ పోలేదన్న సంగతి కూడా ఈ చరిత్రల్లో ఉండాలి. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేశాక, 1935 చట్టం 93వ సెక్షను కింద మద్రాసు రాజధానిని 1946 దాకా గవర్నరే ఏలాడు. ముందు ఎర్స్‌కిన్, తర్వాత హోప్. ఆ సెక్షనే రూపం మార్చుకుని మన రాజ్యాంగంలో 356గా కూర్చుంది. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదికే, 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోతే దాని రుచి చూశాం. 1984 ఆగస్టులో రాంలాల్ అనే గవర్నరు ఎన్నికైన ముఖ్యమంత్రిని పీకేసినప్పుడు ఇతను మంచి గవర్నరు కాదని పత్రికలు రాశాయి. మళ్ళీ మంచి, చెడ్డ!

పేర్ల విషయం ఒకటి మిగిలింది. ధవళేశ్వరంలో కొత్త బ్యారేజీకి కాటన్ పేరు పెట్టుకున్నాం. మా కోనసీమ కూడళ్ళలో గుర్రం మీద కాటన్ ఉన్నాడు. ఏ కులంవారూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పాలని నేనూ అనను. 2022లో కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే, మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇంటికీ, ఒక ఎమ్మెల్యే ఇంటికీ నిప్పంటించారు. తెల్ల ఇంజనీరును దేవుణ్ణి చేసుకోవడానికి అడ్డురాని ఆత్మాభిమానం ఈ పేరు దగ్గర ఎందుకు లేచిందో, దొర కథను ఇంతకాలం ఎవరు ఎవరికోసం చెప్పుకుంటూ వచ్చారో, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే పొలంగట్టు మీద ఉందని నా అనుమానం. తట్ట మోసినవాళ్ళ మనవలు రాజ్యాంగం రాసినవాడి పేరు అడిగారు. దొర కథలో వాళ్ళకు ఎన్నడూ పాత్ర లేదు.

ఊరి చరిత్రలు రాస్తున్న మిత్రులను నేను కోరేది చిన్నదే. చాలా పుస్తకాలు రెండో ముద్రణకు వస్తున్నాయి. కాటన్ ఫొటో ఉన్న పేజీని తీసేయవద్దు. దానికి ఎదురు పేజీలో 1855 నివేదిక సారాంశం, అప్పటి గవర్నరు పేరుతో సహా వేయండి. మా లంకలో రంగం పోయివచ్చినవాళ్ళ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఎవరి పెట్టెలోనైనా పాత ఉత్తరమో, స్టీమరు టిక్కెట్టో ఉందేమో అడగండి. గన్నవరంలో కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, బాగుంది. ఆమె మీద రాసే పుస్తకంలో మాత్రం ఒక పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఏ ఏ ఊళ్ళనుంచి ఆకలితో వచ్చారో ముందు రాసి, చక్రవర్తి పత్రం సంగతి చివర చోటుంటే వేయండి.